చేంతాడు ఇస్తారట... బిందె మాత్రం మనదేనట!

కారులో చిన్న పార్టు విరిగి ఇంజిన్ మొత్తం పాడైతే ఖర్చెవరిది? వారంటీ పుస్తకంలోని ఒక్క వాక్యాన్ని అడ్డం పెట్టుకుని లక్షల బిల్లు చేతిలో పెడితే ఏం అడగాలి, ఎవరిని అడగాలి, ఏ కాగితం దాచుకోవాలి?

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే దారిలో సూర్యాపేట దాటాక ఓ కారు ఆగిపోయిందనుకోండి. కొని రెండున్నరేళ్లు. మీటరు మీద 70 వేల కిలోమీటర్లు. వారంటీ మూడేళ్లు లేదా లక్ష కిలోమీటర్లు. సర్వీసులన్నీ కంపెనీ షెడ్డులోనే, వేళ తప్పకుండా చేయించారు. అందుకే యజమానికి పెద్ద దిగులేమీ లేదు. టోయింగ్ బండిని పిలిచి కారును షోరూంకి పంపి, తను బస్సెక్కి ఊరెళ్లిపోయాడు.

రెండు రోజులాగి సర్వీస్ అడ్వైజర్ ఫోన్ చేశాడు. "సార్, టైమింగ్ చైన్ టెన్షనర్ పోయిందండీ. చైన్ జారిపోయింది. వాల్వులు వంగాయి, రెండు పిస్టన్లు దెబ్బతిన్నాయి, హెడ్ కూడా మార్చాలి. చైన్, టెన్షనర్ వారంటీలో వచ్చేస్తాయి సార్. మిగతావి కాన్సిక్వెన్షియల్ డ్యామేజ్ కిందకి పోతాయి, అవి కవర్ కావండీ. ఎస్టిమేట్ వాట్సాప్‌లో పెట్టాను. మీరు ఓకే అంటే పని మొదలుపెడతాం."

ఎస్టిమేట్ తెరిచి చూస్తే కంపెనీ భరిస్తానన్నది వేలల్లో ఉంది. యజమాని భరించాల్సింది లక్షల్లో ఉంది.

నీళ్లు తోడుతుంటే చేంతాడు తెగి బిందె నూతిలో పడింది. చేంతాడు అమ్మినవాడు వచ్చి "తాడు నాసిరకమే, ఒప్పుకుంటున్నా, ఇదిగో కొత్త తాడు. బిందె సంగతి నాకు తెలీదు" అన్నట్టుంది ఈ లెక్క. పైగా ఇక్కడ తాడునూ బిందెనూ కలిపి అమ్మింది ఒక్కడే.

ఆ కారూ ఆ యజమానీ కల్పితమే. ఆ ఫోన్ మాత్రం కారున్నవాళ్లకు కొత్త కాదు. పేరున్న కంపెనీలు వారంటీని పోటాపోటీగా పెంచుతున్న రోజులివి. మారుతీ సుజుకీ 2024 జులైలో తన మామూలు వారంటీని రెండేళ్లు లేదా 40 వేల కిలోమీటర్ల నుంచి మూడేళ్లు లేదా లక్ష కిలోమీటర్లకు పెంచింది. విద్యుత్ కార్ల బ్యాటరీలకు ఎనిమిదేళ్ల మాట వినిపిస్తోంది. ఏళ్లూ కిలోమీటర్లూ ప్రకటనల్లో పెద్దక్షరాలతో పడతాయి. ఏది వారంటీలోకి వస్తుంది, ఏది రాదు అన్నది మాత్రం పుస్తకం లోపలి పేజీల్లో ఉంటుంది. గొడవంతా అక్కడే.

విరిగింది ఒకటా, పదా?

ముందు ఇంజిన్ లోపల ఏం జరిగిందో చూడాలి. అది తెలియకుండా కౌంటరు దగ్గర వాదించి లాభం లేదు.

పిస్టన్లను ఆడించే క్రాంక్ షాఫ్టుకూ వాల్వులను తెరిచి మూసే క్యామ్ షాఫ్టుకూ లంకె వేసేది టైమింగ్ చైన్, లేదంటే టైమింగ్ బెల్టు. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరగాలి. నిమిషానికి 3,000 చుట్ల వేగంలో పిస్టన్ సెకనుకు 50 సార్లు పైకి వస్తుంది, వాల్వు 25 సార్లు తెరుచుకుంటుంది. ఇప్పటి ఇంజిన్లు చాలావాటిలో పిస్టన్ పైకొచ్చే చోటుకే వాల్వు కూడా కిందికి దిగుతుంది. ఒకటి వచ్చే వేళకు రెండోది తప్పుకోవాలి, అంతే. చైన్ తెగినా, పళ్లు దాటి జారినా ఆ వరస తప్పుతుంది. తెరిచి ఉన్న వాల్వును పిస్టన్ గుద్దుతుంది. అప్పటికి డ్రైవరు కాలు బ్రేకు మీదికి కూడా వెళ్లి ఉండదు.

అంటే చైన్ చెడిపోవడం ఒక సంఘటన, వాల్వులు వంగడం ఇంకో సంఘటన అని విడదీయడానికి మధ్యలో ఖాళీయే లేదు. ఆ విడదీత ఇంజనీరింగ్ చేసింది కాదు, పద్దుల పుస్తకం చేసింది.

మిగతా చోట్లా ఇలాంటి గొలుసులే ఉన్నాయి. డీజిల్ కారులో హై ప్రెషర్ పంపు లోపల అరిగి లోహపు పొడి రాల్చిందంటే అది ఫ్యూయల్ రైలులోకీ ఇంజెక్టర్లలోకీ వెళ్తుంది, రిటర్న్ లైను పట్టుకుని ట్యాంకుదాకా చేరుతుంది. ఒక్క పంపు మార్చి వదిలేస్తే కొత్త పంపూ మిగలదు. ఏసీ కంప్రెసర్ లోపల ముక్కలైతే ఆ ముక్కలు కండెన్సర్‌లో ఇరుక్కుంటాయి. కొన్ని ఆటోమేటిక్ కార్లలో రేడియేటర్ లోపలే గేరుబాక్సు ఆయిల్ కూలర్ ఉంటుంది. అది లోపల పగిలితే కూలెంట్ పోయి గేరు ఆయిల్లో కలుస్తుంది, పాడయ్యేది గేరుబాక్సు.

వాటర్ పంపు సంగతి కాస్త వేరు. సీలు కారి కూలెంట్ తగ్గి, ఇంజిన్ వేడెక్కి అల్యూమినియం హెడ్ వంగడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఈ లోపు డ్యాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలుగుతుంది. ఆ నిమిషాల్లో డ్రైవరు ఏం చేశాడన్నదే కేసు. దీని దగ్గరికి మళ్లీ వద్దాం.

పుస్తకంలో నిజంగా ఏముంది?

కార్ల వారంటీ పుస్తకాల్లో సాధారణంగా రెండు మాటలుంటాయి. తయారీలోనో పదార్థంలోనో లోపమున్న భాగాన్ని ఉచితంగా బాగుచేస్తాం లేదా మారుస్తాం అన్నది మొదటిది. పరోక్ష, పర్యవసాన నష్టాలకు మా బాధ్యత లేదు అన్నది రెండోది. ఆ రెండో మాట ఏ వరసలో ఉందో చూడండి. దాని చుట్టుపక్కల సాధారణంగా కనిపించేవి సమయం వృథా కావడం, కారు వాడుకోలేకపోవడం, అద్దె కారు ఖర్చు, హోటల్ బిల్లు, వ్యాపార నష్టం. అన్నీ కారు బయట జరిగే నష్టాలే. కారు లోపల వంగిన వాల్వు ఆ వరసలోది కాదు. ఒక మాటకు అర్థం అది కూర్చున్న వరసను బట్టి చెప్పుకోవడం న్యాయశాస్త్రంలో ఎప్పటినుంచో ఉన్నదే. ఒప్పందం రాసినవారే దాన్ని తికమకగా రాస్తే, ఆ తికమక ఫలితం రాసినవారి మీదే పడాలన్నది ఇంకో సూత్రం. బీమా పాలసీల విషయంలో సుప్రీంకోర్టు 1966లోనే ఈ మాట చెప్పింది.

పర్యవసాన నష్టం అనే ఆలోచన చట్టంలో వేళ్లూనుకున్నదే ఓ విరిగిన క్రాంక్ షాఫ్టు దగ్గర! ఇంగ్లండులోని గ్లోస్టర్‌లో ఓ పిండిమిల్లు క్రాంక్ షాఫ్టు విరిగింది. దాన్ని నమూనాగా గ్రీనిచ్‌కు పంపి కొత్తది చేయించాలి. మోసుకెళ్లాల్సిన రవాణా సంస్థ ఆలస్యం చేసింది. మిల్లు మూతపడి లాభం పోయింది, అది కట్టించండని యజమానులు కోర్టుకెళ్లారు. 1854లో వచ్చిన ఆ తీర్పు (హ్యాడ్లీ, బాక్సెండేల్ కేసు) మిల్లు లాభం పోవడం ఎదుటివాడు ముందుగా ఊహించగలిగిన నష్టం కాదంది. మన కాంట్రాక్టు చట్టం (1872) 73వ సెక్షన్ ఆ ఆలోచననే తీసుకుంది. ఒప్పందం తప్పితే దానివల్ల సహజంగా కలిగే నష్టానికి పరిహారం ఇవ్వాలి, దూరపు, పరోక్ష నష్టానికి అక్కర్లేదు. చైన్ తెగితే వాల్వు వంగడం కంటే సహజమైన నష్టం ఇంకేముంటుంది? కారు లేక పెళ్లికి వెళ్లలేకపోవడం దూరపు నష్టం. ఈ రెంటినీ ఒకే మూటలో కట్టేయడమే సర్వీస్ కౌంటర్లో జరిగే పని.

అయితే అన్ని పుస్తకాలూ ఒకేలా ఉండవు. ముఖ్యంగా డబ్బు కట్టి విడిగా తీసుకునే ఎక్స్‌టెండెడ్ వారంటీలు. కారు కంపెనీ కాకుండా వేరే సంస్థ నడిపే ఒప్పందాలూ వీటిలో ఉంటాయి. కొన్ని ఫలానా ఫలానా భాగాలకే వర్తిస్తాయని జాబితా ఇస్తాయి. కొన్ని ఫలానావి తప్ప అన్నీ అంటాయి. వారంటీ లేని పార్టు చెడి వారంటీ ఉన్న పార్టును పాడుచేస్తే ఇవ్వం అని స్పష్టంగా రాసినవీ ఉన్నాయి. అందుకే ముందు దిక్కు చూసుకోవాలి. టైమింగ్ బెల్టు అరుగుదల సామాను, దానికి వారంటీ లేదు, అది మార్చాల్సిన కిలోమీటర్లు దాటిపోయాయి అంటే మన వాదన బలహీనం. చైన్, టెన్షనర్, వాల్వు, పిస్టన్, హెడ్ అన్నీ వారంటీ జాబితాలో ఉన్నవే అయితే మనం గట్టి నేల మీద నిలబడ్డట్టే. "వాల్వులో తయారీ లోపం లేదు కదండీ" అంటారు. లేదు. కానీ కంపెనీ మనకు అమ్మింది కారు, విడివిడి నట్లూ బోల్టులూ కాదు. బయటి కారణమేదీ లేకుండా వారంటీ ఉన్న ఒక భాగం వారంటీ ఉన్న మరో భాగాన్ని పాడుచేస్తే రెండూ వారంటీలోవే. ఈ ఒక్క వాక్యం కంఠతా పట్టి షోరూంకి వెళ్లండి.

రిపేరు తెచ్చిన రిపేరు

ఇంకో రకం కూడా ఉంది. దాన్ని వారంటీ గొడవలో కలిపేసుకుంటే చేతికందింది జారిపోతుంది.

వాటర్ పంపు వారంటీ కిందే మార్చారు. కొత్త కూలెంట్ పోసినప్పుడు పైపుల్లోని గాలి సరిగ్గా తీయలేదు. రెండు వందల కిలోమీటర్లు తిరిగాక ఇంజిన్ ఓవర్‌హీట్ అయి హెడ్ గ్యాస్కెట్ పోయింది. ఆయిల్ మార్చిన కుర్రాడు సంపు బోల్టు బిగించడం మరిచాడు, దారిలో ఆయిలంతా కారి ఇంజిన్ సీజ్ అయింది. రెండుచోట్లా షెడ్డువాళ్ల మాట ఒక్కటే: "ఇది వేరే కంప్లయింటండీ, తయారీ లోపం కాదు కాబట్టి వారంటీ రాదు."

నిజమే, తయారీ లోపం కాదు. పనిలో లోపం. అది వారంటీ పుస్తకంలో వెతకాల్సిన సంగతే కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం దీన్ని సేవా లోపం అంటుంది. ఇక్కడ మొదటి ప్రతివాది డీలరు. కంపెనీతో మాట్లాడుకోండని డీలరు, డీలరు స్వతంత్ర వ్యాపారి అని కంపెనీ చెరో వైపు తోస్తారు. కంపెనీ మాటకు కొంత బలం ఉంది కూడా. 2021 ఫిబ్రవరిలో టాటా మోటార్స్ కేసులో సుప్రీంకోర్టు, డీలరు తనంతట తాను చేసిన తప్పు కంపెనీకి తెలిసినట్టు రుజువు లేనప్పుడు కంపెనీని బాధ్యురాలిని చేయలేమంది. ఆ కేసులో పాత మోడల్ కారును కొత్తదని అమ్మింది డీలరు. కాబట్టి ఫిర్యాదులో ఇద్దరినీ చేర్చండి. ఎవరి పని ఏదో విడివిడిగా రాయండి. ఇద్దరూ కలిసి మోసం చేశారని కోపంలో రాసే ఒక్క వాక్యం ఎవరికీ తగలదు.

కారునే మార్చమనకండి

కోపం వచ్చిన ప్రతి కారు యజమానీ మొదట రాసే కోరిక "నా కారు వెనక్కి తీసుకుని కొత్త కారివ్వండి". కేసులు ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే. మారుతీ ఉద్యోగ్ కేసులో 2006లో సుప్రీంకోర్టు, వారంటీ షరతు లోపమున్న భాగాన్ని మార్చమంటోంది తప్ప కారును మార్చమనడం లేదని, కింది వినియోగదారుల కమిషన్లు ఇచ్చిన కారు మార్పిడి ఆదేశాన్ని పక్కన పెట్టింది. కొత్త కారు అడిగితే కారంతటా లోపమే ఉందని నిపుణుడి నివేదికతో రుజువు చేయాలి. అదే వారంటీ క్లెయిమును అన్యాయంగా తిరస్కరించారని అడిగితే ఆ తిరస్కరణే సేవా లోపం. బరువు చాలా తగ్గుతుంది. మరమ్మతు ఖర్చు, దానిమీద వడ్డీ, కారు లేని రోజుల ఖర్చు, మనోవేదనకు పరిహారం, కేసు ఖర్చులు. ఇంతవరకు అడిగితే ఇవ్వడానికి కమిషన్‌కు చేయి వస్తుంది.

అలాగని పెద్ద ఆదేశాలు రాకపోలేదు. ప్రమాదంలో ఎయిర్‌బ్యాగులు తెరుచుకోని క్రెటా కారు కేసులో, కారు మార్చి ఇమ్మన్న ఢిల్లీ రాష్ట్ర కమిషన్ ఆదేశాన్ని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఢీకొన్న వేగం చాలలేదని హ్యుందాయ్ వాదించింది. వేగాలూ బలాలూ లెక్కగట్టే భౌతికశాస్త్రం కొనుగోలుదారుకు తెలిసి ఉండాలనుకోవడం కుదరదని కోర్టు జవాబిచ్చింది. సాంకేతిక పదాలతో బెదరగొట్టే ప్రతి సర్వీస్ మేనేజరుకూ ఈ జవాబు వర్తిస్తుందని నా అభిప్రాయం.

ఇంకొక తీర్పు చిన్న వ్యాపారులకు పనికొస్తుంది. కారు సంస్థ పేరు మీద ఉంటే మీరు వినియోగదారులే కాదు పొమ్మని కంపెనీలు వాదిస్తుంటాయి. 2024 జులైలో మెర్సిడెస్ కారు తయారీదారు డైమ్లర్ క్రైస్లర్ కేసులో, డైరెక్టరు సొంత వాడకానికి సంస్థ కొన్న కారు వాణిజ్య అవసరానిది కాదని సుప్రీంకోర్టు తేల్చింది. క్యాబ్ నడిపి బతికే డ్రైవరుకు చట్టంలోనే రక్షణ ఉంది. స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి కొన్నది వాణిజ్య అవసరం కిందికి రాదు.

బయట మెకానిక్ చేయిపడితే వారంటీ మొత్తం రద్దు అన్న బెదిరింపుకీ జవాబుంది. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు కలిపి రూ.2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. బయటి షెడ్డుకు వెళ్లాడన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దుచేసే షరతు పెట్టకూడదని, ఆ బయటి పనివల్ల పాడైన మేరకే నిరాకరించాలని ఆ ఉత్తర్వులో ఉంది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లిన సంగతి వేరే కథ. కానీ ఆ తర్కం తిరుగులేనిది. బయట స్టీరియో పెట్టించుకుంటే చైన్ తెగదు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లకు ఈ రక్షణ ఎప్పటినుంచో చట్టంలోనే ఉంది. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్ మాస్ చట్టం కంపెనీ ఉచితంగా ఇవ్వని పక్షంలో ఫలానా బ్రాండు పార్టే, ఫలానా షెడ్డే వాడాలని వారంటీకి ముడిపెట్టనివ్వదు. పర్యవసాన నష్టం మినహాయించే ప్రతి వారంటీ మీదా, కొన్ని రాష్ట్రాల్లో ఈ మినహాయింపు చెల్లదు అన్న హెచ్చరిక అచ్చు వేయాల్సిందే.

మన చట్టంలో ఒక గుంట ఉంది, చూసుకుని అడుగేయాలి. 2019 చట్టంలో ఉత్పత్తి బాధ్యత అని కొత్త అధ్యాయం వచ్చింది కదా, దానికింద కేసు వేద్దామని చాలామందికి అనిపిస్తుంది. కానీ ఆ అధ్యాయానికి వాడే హాని నిర్వచనంలో, వస్తువుకే జరిగిన నష్టం, వారంటీ షరతుల ఉల్లంఘనవల్ల కలిగిన ఆస్తి నష్టం రెండూ రావు. కారు తగలబడి ఇల్లు కాలితే ఆ అధ్యాయం. కారు ఇంజినే పోతే వస్తు లోపం, సేవా లోపం అన్న పాత దారే సరైనది. 1930 నాటి వస్తు విక్రయ చట్టంలోని 59వ సెక్షన్, వారంటీ ఉల్లంఘనకు నష్టపరిహారం కోరే హక్కునూ ఇస్తోంది.

పాత పార్టు ఎక్కడ?

కేసు గెలిచేది కమిషన్ హాల్లో కాదు, షోరూం వర్క్‌షాపులో. అదీ మొదటి వారంలో.

"కవర్ కాదండీ" అన్నది ఎవరు? కౌంటర్లోని అడ్వైజర్. వారంటీ పని చేసినందుకు డీలరు డబ్బు రాబట్టుకోవాల్సింది కంపెనీ దగ్గర. కంపెనీ ఆ బిల్లులను తనిఖీ చేసి, ఆధారాలు చాలకపోతే కొట్టేస్తుంది. ఆ భయంతో కొన్ని క్లెయిములు కంపెనీ గుమ్మం తొక్కకుండానే చచ్చిపోతాయి. కాబట్టి మొదటి ప్రశ్న, "కంపెనీకి క్లెయిం పంపారా? నంబరెంత?" రెండో ప్రశ్న, "కాదన్నది ఎవరు, ఏ పేజీలోని ఏ షరతు ప్రకారం? మెయిల్లో పెట్టండి." ఫోన్లో వచ్చిన కాదు మనకు ఎందుకూ పనికిరాదు. కాగితం మీద వచ్చిన కాదు కేసుకు పునాది.

ఇంజిన్ విప్పేముందు మీరు అక్కడ ఉండండి, కుదరకపోతే నమ్మకమైన మెకానిక్‌ను పంపండి. విప్పుతున్నప్పుడు ఫొటోలు, వీడియోలు తీయాలి. చైన్ ఏ స్థితిలో ఉంది, టెన్షనర్ ఎంత బయటికి వచ్చింది, పిస్టన్ తల మీద వాల్వు అచ్చు పడిందా, ఆయిల్ రంగేమిటి? విప్పడానికి ముందు మీ సంతకం అడుగుతారు, వారంటీ కాదని తేలితే విప్పుడు కూలి మీదే అన్న షరతుతో. సంతకం పక్కనే "మూలకారణం వారంటీ భాగమని తేలితే ఈ కూలి నాది కాదు" అని మీ చేత్తో రాసి పెట్టండి.

ఇంజిన్ కంప్యూటర్ రికార్డు కూడా అడగాలి. లోపం నమోదైన క్షణంలో ఇంజిన్ వేగం, కారు వేగం, కూలెంట్ వేడి ఎంతో అందులో నిలిచి ఉంటుంది. స్కానర్ పెట్టి ఆ పేజీ ప్రింటు తీయించుకోండి. ఇది రెండువైపులా పదునున్న కత్తి. వేడి మామూలుగా ఉండగానే చైన్ జారిందంటే మీకు అనుకూలం. ఎర్ర దీపం వెలిగాక పది కిలోమీటర్లు నడిపారని తేలితే కంపెనీకి అనుకూలం. ఏదైనా సరే, బ్యాటరీ తీసేసి కోడ్లు చెరిపేసేలోపు చూసుకోవడం మంచిది.

ఇక పాత పార్టులు. వారంటీ కింద మార్చిన పార్టు కంపెనీకి చెందుతుందని పుస్తకాల్లో సాధారణంగా ఉంటుంది. మీ డబ్బుతో మార్చినది మీదే. కేసు నడవాలంటే రెండూ కావాలి, ముఖ్యంగా మొదట విరిగిన ఆ టెన్షనర్. అది తుక్కులోకి పోతే వాదన మాటలకే మిగులుతుంది. కాబట్టి ఈ తరహాలో ఒక లేఖ మెయిల్లోనూ రిజిస్టర్డ్ పోస్టులోనూ డీలరుకూ కంపెనీకీ పంపండి:

"ఫలానా తేదీన, ఇన్ని కిలోమీటర్ల దగ్గర నా కారు ఆగిపోయింది. మీ జాబ్ కార్డు ప్రకారమే మూలకారణం టైమింగ్ చైన్ టెన్షనర్ చెడిపోవడం. వాల్వులు, పిస్టన్లు, సిలిండర్ హెడ్ దెబ్బతినడానికి బయటి కారణం ఏదీ మీ రికార్డులో లేదు. ఇవన్నీ వారంటీ వర్తించే భాగాలే. వీటిని మినహాయించే షరతు ఉంటే పేజీ సంఖ్యతో తెలపండి. వారంటీ కింద మార్చే పార్టును సీలు వేసి భద్రపరచండి, నేను డబ్బు చెల్లించే పార్టులను నాకు అప్పగించండి. 15 రోజుల్లో జవాబు లేకుంటే వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను."

లేఖ వెళ్లాక తరచూ ఓ బేరం వస్తుంది. గుడ్‌విల్ కింద సగం మేం భరిస్తాం, సగం మీరు భరించండి అంటారు. తీసుకోవడమా మానడమా అన్నది మీ అవసరాన్ని బట్టి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. పూర్తి, తుది పరిష్కారంగా అంగీకరిస్తున్నాను అన్న కాగితం మీద సంతకం చేశాక మిగతా సగం అడగడం చాలా కష్టం. బలవంతపు పరిస్థితుల్లో పెట్టిన సంతకం హక్కును చంపేయదని ఓ బీమా కేసులో 1999లో సుప్రీంకోర్టు అన్నా, ఆ బలవంతాన్ని రుజువు చేయాల్సింది మనమే. ఈఎంఐ ఆగదు, పిల్లల బడి ఆగదు, కారు వెంటనే కావాలి అనుకుంటే బిల్లు కట్టేయండి. బిల్లు మీదా మెయిల్లోనూ "హక్కులు వదులుకోకుండా, అభ్యంతరంతో చెల్లిస్తున్నాను" అని రాయండి. అంతకుముందే ఓ చార్టర్డ్ ఇంజనీరుకో, లైసెన్సున్న మోటారు సర్వేయరుకో విప్పిన ఇంజిన్ చూపించి నివేదిక రాయించుకోండి. బాగైపోయిన కారులో ఏ నిపుణుడికీ ఏమీ కనపడదు.

కంపెనీ మాట నిజమైనచోట

అన్నిసార్లూ కంపెనీదే తప్పనడం న్యాయం కాదు. 10 వేల కిలోమీటర్లకు మార్చాల్సిన ఆయిల్ 25 వేలదాకా నడిపితే మడ్డి పేరుకుంటుంది, చైన్ టెన్షనర్ పనిచేసేది ఆ ఆయిల్ ఒత్తిడితోనే. ఇంజిన్ కంప్యూటర్‌ను బయట ట్యూన్ చేయించి పవర్ పెంచుకున్నవారికి టర్బో పోయినప్పుడు వాదన మిగలదు. ఎర్ర దీపం వెలిగాక ఇంకో ఊరు వస్తుంది కదా అని లాగించినవారి హెడ్ వంగితే, వాటర్ పంపు వరకే కంపెనీది అనడంలో అర్థముంది. కల్తీ డీజిల్ అన్న సాకు మాత్రం ఊరికే ఒప్పుకోకండి. ట్యాంకులోంచి నమూనా తీసి పరీక్షించారా, నివేదిక ఏదీ అని అడగండి. పెట్రోలు బంకు బిల్లులు దాచుకునే అలవాటు ఇక్కడ ఆదుకుంటుంది.

వరద సంగతి మరీ దారుణం. 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్ చూశాం. నీళ్లలో ఆగిన కారును మళ్లీ స్టార్ట్ చేస్తే సిలిండర్లోకి చేరిన నీరు పిస్టన్‌ను పైకి రానివ్వదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. వారంటీ దీన్ని బయటి కారణం అంటుంది, అందులో తప్పు లేదు. బీమాకు వెళ్తే మామూలు మోటారు పాలసీలో పర్యవసాన నష్టం, యాంత్రిక వైఫల్యం మినహాయింపుల్లో ఉంటాయి. రెండు కుర్చీల మధ్య కారు కింద పడుతుంది. ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవరు ఉన్నది ఈ సందు కోసమే. లోతట్టు కాలనీల్లో ఉండేవారు పాలసీ పునరుద్ధరించుకునేటప్పుడు ఏజెంటును తప్పక అడగాల్సింది అదే. నీళ్లలో ఆగిన బండికి తాళం చెవి తిప్పకపోవడం అంతకంటే ముఖ్యం.

కమిషన్ మెట్లెక్కితే

ముందు 1915కు ఫోన్ చేయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది, ఫిర్యాదును నేరుగా కంపెనీకి పంపి జవాబు రాబడుతుంది. షోరూం గోడ దగ్గర ఆగిపోయిన క్లెయిము కంపెనీ ప్రధాన కార్యాలయం కంట పడటానికి ఇదొక దారి. పని జరగకపోతే జిల్లా కమిషన్. చెల్లించిన ధర 50 లక్షలదాకా ఉంటే అక్కడే. గతంలోలా డీలరు ఉన్న ఊరికో కంపెనీ ఉన్న ఊరికో పరుగెత్తక్కర్లేదు, 2019 చట్టం ప్రకారం మీరు ఉండే చోటో పనిచేసే చోటో వేయవచ్చు. గురుగ్రామ్ కంపెనీ అయినా ఖమ్మంలో జవాబు చెప్పాలి. ఈ-జాగృతి పోర్టల్లో ఇంటినుంచే దాఖలు చేయవచ్చు, విచారణకు వీడియో ద్వారా హాజరవుతామని కోరవచ్చు, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. రుసుము చెల్లించిన ధరను బట్టి ఉంటుంది. 5 లక్షల వరకు ఏమీ లేదు, 10 నుంచి 20 లక్షల మధ్య అయితే రూ.400.

ఎదుటివారు 30 రోజుల్లో, మహా అయితే ఇంకో 15 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి. ఆ 45 రోజులు దాటితే గడువు పొడిగించే అధికారం కమిషన్‌కు లేదని 2020 మార్చిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. తేదీలు రాసి పెట్టుకోండి, పెద్ద కంపెనీల లాయర్లు కూడా తప్పుతుంటారు. లోపం పరీక్షతో తప్ప తేలదు అనుకుంటే 38వ సెక్షన్ కింద తగిన ప్రయోగశాలకు పంపమని దరఖాస్తు పెట్టండి. పెట్టకుండా లోపం లోపం అని వాదించి ఓడిపోయినవారు కొల్లలు. మూడు నెలల్లో, పరీక్ష అవసరమైతే అయిదు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది. అది కాగితం మీది మాట, అంతకంటే ఓపిక పెట్టుకుని వెళ్లండి. గెలిచాక కూడా డబ్బు కట్టకుండా మొండికేస్తే 72వ సెక్షన్ కింద నెల నుంచి మూడేళ్లదాకా జైలు శిక్షకు అవకాశముంది. ఆ దరఖాస్తు పడ్డాక చెక్కులు వేగంగా కదులుతాయి.

ఫిర్యాదు వేయడానికి గడువు, వివాదానికి కారణం పుట్టిన నాటినుంచి రెండేళ్లు. సర్వీస్ మేనేజరుతో ఫోన్లలో గడిచిపోయిన నెలలు ఆ రెండేళ్లకు అదనంగా కలవవు.